ఫిన్లాండ్ అమ్మాయిని ఓడించిన మా పిల్ల

మొన్న ఆదివారం పొద్దున్నే చర్చికి బయల్దేరుతుంటే ఫోను మోగింది. చేసింది నా శిష్యురాలి తల్లి. గొంతులో ఏడుపు లేదు. "టీచరుగారండీ, పాప వెళ్లిపోయిందండీ. మీరు చర్చికెళ్లేలోపే చెబుదామని చేశానండి" అంది.

చర్చికెళ్లేలోపే అని ఎందుకందో ముందు నాకు అర్థం కాలేదు. కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. ఏడాదిగా ప్రతి ఆదివారం చర్చిలో ఆ బిడ్డ ఆరోగ్యం కోసం లేచి ప్రార్థన చేసేదాన్ని నేనే. ఇక దేవుణ్ణి అడగొద్దని చెప్పడానికే ఆ తల్లి ఫోను చేసింది.

నేను బాపట్లలో ఒక బడిలో ఆటల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. చాలామందికి ఖోఖో, కబడ్డీ, త్రోబాల్ నేర్పించాను. ఆటే బతుకుగా ఎంచుకుని దేశాలు తిరిగిన పిల్ల మాత్రం ఒక్కతే. ఇరవై మూడో ఏడు నిండకుండానే పోయింది.

వాళ్లది రేపల్లె. తండ్రి కామెర్లతో పోయాక, తల్లి పిల్లను తీసుకుని బాపట్ల వచ్చింది. రైల్లో వేటపాలెం వెళ్లి జీడిపప్పు షెడ్డులో పనిచేసేది. జీడిగింజల నూనె పట్టి ఆమె వేళ్లు ఎప్పుడూ నల్లగా, పొక్కిపోయి ఉండేవి. సాయంత్రం ఆమె రైలు దిగేదాకా పిల్ల బడి గ్రౌండులోనే ఉండేది. ఒంటరిగా వదిలెయ్యలేక నాతోపాటు ఊళ్లోని క్లబ్బుకు తీసుకెళ్లేదాన్ని. అక్కడొక మట్టి టెన్నిస్ కోర్టు ఉంది. మెంబర్లు రాకముందు కాసేపు ఆడుకోమని నాకు అనుమతి ఇచ్చారు. పిల్ల బంతులు ఏరి ఇచ్చేది. ఒకరోజు సరదాకి రాకెట్ చేతికిచ్చాను. రెండు చేతులతో పట్టుకుని కొట్టింది. ఆ దెబ్బలో బలం లేదు కానీ, బంతి ఎక్కడ పడుతుందో అక్కడికి ముందే వెళ్లి నిలబడింది. అది నేర్పితే వచ్చేది కాదు.

కొన్నాళ్లకు ఒక మెంబరు అడిగాడు: "ఏంటి టీచర్, జీడిపప్పు ఆవిడ కూతురికి టెన్నిసా?"

పిల్లే అందుకుని అంది: "అంకుల్, నాతో ఒక గేమ్ ఆడతారా?"

ఆయన నవ్వి ఆడాడు. ఓడిపోయాడు. ఆ తర్వాత ఆ వేళకి క్లబ్బుకు రావడం మానేశాడు.

మొదటి టోర్నమెంటు తెనాలిలో. మొదటి మ్యాచ్‌లోనే చిత్తుగా ఓడింది. తిరుగు రైల్లో ఏడుస్తుందేమో, ఎలా ఓదార్చాలా అని నేను చూస్తుంటే, ఇడ్లీ పొట్లం విప్పుతూ అడిగింది: "టీచర్, వాళ్లు కొట్టిన బంతి కింద పడి భుజం దాకా లేస్తోంది. నాది లేవట్లేదేంటి?" బాపట్ల వచ్చేదాకా అదే ప్రశ్న. మర్నాటి నుంచి ఆ ఒక్క దెబ్బనే నేర్చుకుంది. రెండేళ్లకు జిల్లా దాటింది, తర్వాత రాష్ట్రం దాటింది. హైదరాబాదులో ఒక అకాడమీ వాళ్లు చేర్చుకున్నారు. నేను నేర్పాల్సింది అంతటితో అయిపోయింది. తను మాత్రం ఫోను చెయ్యడం ఆపలేదు.

ప్రొఫెషనల్ అంటే టీవీలో కనిపించేవాళ్లే అనుకుంటాం. టీవీకెక్కని వాళ్లు వేలల్లో ఉంటారని నాకు ఆమె వల్లే తెలిసింది. తెలియని ఊళ్లో, ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకున్న హోటల్ గదిలో, బాత్రూమ్‌లో బట్టలుతుక్కుని, సోమవారం ఓడిపోతే మంగళవారం ఇంకో ఊరికి బస్సెక్కడం ఆ బతుకు. గెలిస్తే ర్యాంకింగ్ పాయింట్లు వస్తాయి. మొదటి పాయింటు వచ్చిన రోజు ఫోను చేసింది.

"టీచర్, ప్రపంచ ర్యాంకుల్లో నా పేరెక్కింది. పైనుంచి వెతక్కండి, కిందనుంచి చూడండి. త్వరగా దొరుకుతుంది."

థాయిలాండ్‌లో ఆమెకు ఫిన్లాండ్ అమ్మాయి ఒకతె పరిచయమైంది. తనకన్నా ఏడాది చిన్నది. పొడగరి, మితభాషి. డబుల్స్‌లో ఇద్దరికీ జోడీ లేక కలిసి ఆడారు. బాగా కుదిరింది. కొన్ని వారాలు ఒకే గదిలో ఉన్నారు. మా పిల్ల ఆమెకు ఆవకాయ రుచి చూపించింది. బంతి తప్పిపోతే "అయ్యో" అనడం నేర్పింది. ఆ తర్వాత ఒక టోర్నమెంటు సింగిల్స్‌లో ఇద్దరూ ఎదురుపడ్డారు. కోర్టు పక్కన పెట్టిన కెమెరా ద్వారా ఆ మ్యాచ్ నా ఫోన్‌లో చూశాను. మా పిల్లే గెలిచింది. నేను చూసిన ఆమె ఆటలన్నిటిలో అదే గొప్ప ఆట. అయితే చివరి సెట్‌లో పాయింటుకీ పాయింటుకీ మధ్య ఎడమ కాలు చాపి విదిలించుకోవడం కనిపించింది. ఏంటమ్మా అది అని అడిగితే నవ్వేసింది. "నొప్పుంటేనే ఆడుతున్నట్టు టీచర్" అంది.

అదే ఆమె ఆఖరి గెలుపు.

ఆటగాళ్లకు మోకాళ్ల నొప్పులు మామూలే కదా. ఇంటికొచ్చాక తెనాలిలో చూపిస్తే కండరం పట్టేసిందన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు. విశ్రాంతిలో నొప్పి ఇంకా పెరిగింది. గుంటూరులో స్కాన్ తీశారు, హైదరాబాదు పంపారు. మోకాలి పైన ఎముకలో క్యాన్సర్. కాలు తొడ దాకా తీసెయ్యాలని డాక్టరు చెప్పాడు. తల్లి కుర్చీలోంచి నేల మీదికి జారిపోయింది.

అమ్మాయి డాక్టరు వంకే చూస్తూ అడిగింది: "తీసేస్తే బతుకుతానా సార్?"

"అవకాశం పెరుగుతుందమ్మా."

"అయితే తీసెయ్యండి."

తర్వాత నా వైపు తిరిగింది. "టీచర్, మీరు అమ్మను పట్టుకోండి. ఇప్పుడు నేను ఆమె మొహం చూడలేను."

ఆపరేషన్ అయింది, మందులెక్కించారు, జుట్టంతా పోయింది. బాపట్ల ఇంటికి తిరిగొచ్చాక ఎవరో నాకు చక్రాల కుర్చీలో ఆడే టెన్నిస్ గురించి చెప్పారు. ఆ మాట అమ్మాయి దగ్గర భయపడుతూనే ఎత్తాను. కోపం తెచ్చుకోలేదు. "అదీ టెన్నిసే టీచర్. వాళ్లు చాలా బాగా ఆడతారు. కానీ మళ్లీ మొదట్నుంచీ నేర్చుకోవాలి. నాకంత టైముందంటారా?" అంది. అప్పటికే ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించిన సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ నెలల్లోనే ఫిన్లాండ్ అమ్మాయి పైకొచ్చింది. చిన్న టోర్నమెంట్లు దాటి పెద్దవాటిలోకి వెళ్లింది. ఆమె మ్యాచ్ ఉందంటే మా పిల్ల దిండుకు ఆనుకుని ఫోన్‌లో చూసేది. ఒక మధ్యాహ్నం నేనూ పక్కనే ఉన్నాను. ఆ రోజు పనికి వెళ్లని తల్లి మజ్జిగ తెచ్చి ఫోన్‌లోకి తొంగిచూసింది.

"నువ్వు ఓడించింది ఈ అమ్మాయినేనా?"

"అవునమ్మా."

"మరి నువ్వే బాగుంటే అక్కడ..."

"అమ్మా, ఊరుకో."

తల్లి లోపలికి వెళ్లిపోయింది. అమ్మాయి ఫోను బోర్లా పెట్టేసింది. "బాగా ఆడుతోంది టీచర్. నా స్నేహితురాలే. కానీ చూస్తుంటే కడుపు మండిపోతోంది" అంది. మజ్జిగ సగం తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

తర్వాత మెల్లగా చెయ్యి చాచింది. "స్కోరెంతయిందో చూద్దాం, ఇటివ్వండి."

చివరి వారాల్లో మాట్లాడితే ఆయాసం వచ్చేది. అయినా ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి ఒక సంగతి గట్టిగా చెప్పింది. "టీచర్, నేను పోతే వీధి చివర ఫ్లెక్సీ కడతారు కదా. అందులో ప్లేయర్ అని రాయించండి. మాజీ అని మాత్రం రాయనివ్వకండి."

అలాగే రాయించాను.

రేపల్లెలో తండ్రి పక్కనే సమాధి చేశాం. ముందురోజు వాన పడడంతో నల్లమట్టి చెప్పులకు ముద్దలుగా అంటుకుంటోంది. పాస్టరుగారు వాక్యం చదివారు, పాట పాడారు. సాయంత్రం బాపట్ల ఇంటికి వచ్చాక తల్లి అడిగింది: "ఆ అమ్మాయికి చెప్పారా అండీ?" చనిపోయిన పిల్ల ఫోన్‌లోంచే నాకొచ్చిన ఇంగ్లీషులో విషయం రాసి పంపాను. కాసేపటికి ఆ అమ్మాయే ఫోను చేసింది. నేను రెండు ముక్కలు మాట్లాడి తల్లికి అందించాను. ఈమెకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. "అమ్మా" అంది ఈమె. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ పెట్టెయ్యలేదు. చాలాసేపు ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడి ఉంది.

పాప జ్ఞాపకంగా జరిపే ఆదరణ కూడికకి ముందురోజు మళ్లీ వెళ్లాను. తల్లి పెరట్లో ఉంది. పిట్టగోడ మీద ఒక టెన్నిస్ బూట్ల జత ఎండలో ఆరుతోంది. ఆపరేషన్ తర్వాత అమ్మాయి అడిగి మరీ కొనిపించుకున్న జత అది. చంకకర్రలతో ఇల్లంతా తిరిగి కుడి బూటు అడుగు అరిగి నున్నబడింది. ఎడమ దానికి ఒక్క గీత కూడా పడలేదు. తల్లి రెండిటినీ ఉతికింది. లేసులు విడిగా ఉతికి, పిండి, తీగ మీద పక్కపక్కనే వేస్తోంది.