తల్లి చూపు పడని చోటు

ఇవాళ తిరువూరు సెంటర్లో బండి దగ్గర ఆవకాయకి కాయలు ఏరుతుంటే తొడిమ విరిగి సొన ముంజేతి మీద చిందింది. ఆ ఘాటుకి చిన్నప్పటి మా రెడ్డిగూడెం తోట, చెట్ల కింద పరిచిన గోనెపట్టాలు, ఉప్పూకారం అద్దిన ముక్కలు, వక్క నములుతూ కత్తిపీట ముందు కూర్చున్న మా నాయనమ్మ, అన్నీ మీద పడ్డాయి. ఆవిణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కాయలు తరుగుతూ ఆవిడ కౌరవుల తల్లి కథ చెప్పేది. కళ్ళగంతలు విప్పి కొడుకుని చూస్తే ఆ చూపు పడినంత మేర ఒళ్ళు వజ్రమైందట, సిగ్గుపడి గుడ్డ చుట్టుకున్న తొడలు మాత్రం మాంసంగానే మిగిలాయట. కథ అయ్యాక మా ఆట. చెంపకి సొన రాసుకుని ఏడవకుండా నిలబడ్డవాళ్ళదే వజ్రకాయం. ఒకరోజు బాబాయి పిల్లలు కుయ్యోమొర్రోమంటూ బోరు దగ్గరికి పరిగెత్తారు. నేను పళ్ళు బిగబట్టి నిలబడ్డాను, చెంప బొబ్బలెక్కింది, గెలిచానని ఎగురుకుంటూ నాయనమ్మ దగ్గరికి వెళ్ళాను.

"నీకెక్కడి వజ్రకాయమే? నిన్ను కళ్ళారా చూడకుండానే పోయిందిగా మీ అమ్మ!"

పిల్లలు పకపకా నవ్వారు. నన్ను కని అమ్మ పోయిందని తెలుసు. చూడకుండా పోయిందని అప్పుడే విన్నాను. సొనకి రాని ఏడుపు దానికి వచ్చింది.

పెద్దయ్యాక పరదేశాల కథలూ చదివాను. గ్రీకు తల్లి కొడుకుని మహిమగల నదిలో ముంచుతూ పట్టుకున్న మడమ తడవలేదట. ఉత్తరాది మంచుదేశపు తల్లి, నా బిడ్డకి హాని చెయ్యొద్దని లోకంలో ప్రతిదాని చేతా ఒట్టు వేయించుకుని ఒక్క చిన్న మొక్కని వదిలేసిందట. ఎంత గారాబమండీ! ఆ మహావీరులకి తల్లి మరిచిపోయిన చోటు ఒక్కటే. నాకు ఒళ్ళంతా అదే. మడమకి బాణం తగిలి చచ్చాడని చదివితే నాకు ఇసుమంతైనా జాలి కలగలేదు.

మా ఇంట్లో అమ్మకి పురుడు పోసింది నాయనమ్మా, ఒక మంత్రసానీ. మంత్రసాని ఏనాడో పోయింది. పోయినేడు నాయనమ్మ మంచాన పడితే చాకిరీ అంతా నేనే చేశాను. ఒకనాడు గంజి తాగిస్తూ అడిగేశాను.

"అమ్మ నిజంగా నన్ను చూళ్ళేదా?"

"ఏమోనే, ఆ గోలలో ఎవరు చూశారు? ఆవేళ తెగ మిడిసిపడుతున్నావని అలా అన్నాను" అని, గంజిలో ఉప్పు తక్కువైందంది.

ఆ ఎండాకాలమే ఆవిడా పోయింది. తోట ప్లాట్లయింది. నేను పుట్టినప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. నాకా, ఏమీ గుర్తులేదు.