కుంకుమ భరిణె లోతు

పోయిన ఆదివారం మా చిన్నకోడలు బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. కొత్తింట్లో అద్దాల అలమర చేయించారట, మామయ్య పెట్టెలన్నీ అందులో వరసగా పెట్టుకుంటారట, పంపిస్తారా అని అడిగింది. పంపిస్తానన్నాను. ఈ వయసులో వద్దనడానికి కూడా ఓపిక కావాలి. అటక మీద నుంచి దింపించి లెక్కపెడితే నలభై ఒకటి. నా నోటుబుక్కులోనూ నలభై ఒకటే. రోజుకు ఆరు చొప్పున తుడిస్తే ఏడు రోజుల పని. మూడో రోజుకే నడుము పట్టేసింది. ఆ రోజున ఆరో పెట్టెగా చేతికి వచ్చింది పుంగనూరు కుంకుమ భరిణె. దాన్ని ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. తక్కిన పెట్టెలు ఇంకా తుడవలేదు.

మా ఆయన పశువుల డాక్టరు. 1971లో మదనపల్లెకు బదిలీ అయి వచ్చాం. కురబలకోటలో గొర్రెలకు సూదులు వెయ్యడానికి పోయినా, పెద్దతిప్పసముద్రంలో ఎద్దు కాలు చూడడానికి పోయినా, ఆయన కళ్లు ముందు పశువు మీద, తర్వాత ఆ ఇంటి అటక మీద పడేవి. ఎవరో ముత్తాత వాడిన ఇత్తడి ఆకువక్క పెట్టెలో మేకులు పోసుకుని ఉంటారు. నాగపడగ బందులున్న నగల పెట్టెలో విత్తనాల వెల్లుల్లి ఉంటుంది. చన్నపట్నం లక్క పెట్టెలో పిల్లలు గోళీలు దాచుకుంటారు. వాళ్లకు అవి అడ్డం, ఈయనకు ప్రాణం. ఒక రైతు మా వాకిట్లోనే నిలబడి అన్నాడు: "డాక్టరప్పా, మా ఎనుముకి జొరం సూడమని పిలిస్తే నువ్వు మా అవ్వ పెట్టె సూస్తాండావే! జొరం దానికా, దీనికా?" ఈయన నవ్వి ఆ పెట్టెను కూడా సైకిలుకు కట్టుకుని వచ్చారు. గేదెకు నయమైంది. ఈయన జ్వరం మాత్రం చివరిదాకా తగ్గలేదు.

తెచ్చేది ఆయన, తుడిచేది నేను. మాది రెండు గదులు, ఒక వసారా ఉన్న అద్దె ఇల్లు. పెట్టెలు అలమరలు దాటి, కిటికీ గూళ్లు దాటి, చివరకు బియ్యం డబ్బా మీదికి వచ్చాయి. నెలకొకసారి అన్నిటినీ దింపి, పొడిగుడ్డతో తుడిచి, వేపాకు వేసి మళ్లీ ఎక్కించాలి. నాకు వాటి అందం పెద్దగా తెలియదు. కానీ కొలవని వస్తువు ఇంట్లో ఉంటే నాకు ముద్ద దిగదు. అందుకని ఒక నోటుబుక్కు పెట్టాను. తెచ్చిన తేదీ, ఊరు, పొడవు, వెడల్పు, ఎత్తు, లోపలి లోతు. ఆయన ఎవరికైనా పెట్టెలు చూపించి కథలు చెబుతుంటే, పక్క గదిలో నుంచి నేను అంగుళాలు సరిచేసేదాన్ని. ఆ సరదా ఆయనది, ఆ లెక్క నాది. మా కాపురం అలా సర్దుకుంది.

భరిణె వచ్చింది 1974లో. పుంగనూరులో ఒక వ్యాపారస్తుల ఇంట్లో ఆవును చూడడానికి పోయి, మధ్యాహ్నం తువ్వాలులో చుట్టి తెచ్చారు. ఎర్రచందనం కొయ్యను తిప్పి చేసిన భరిణె. చుట్టూ ఇత్తడి తీగతో సన్నని లత పొదిగారు. మూత మర తిప్పి తియ్యాలి. ఆయన దాన్ని గూట్లో పెట్టారో లేదో, వాకిట్లో కురబలకోట మనిషి కేకేశాడు. ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగిందట. అన్నం కూడా తినకుండా వెళ్లిపోయారు. నేను మూత తిప్పి చూశాను. సగానికి కుంకుమ ఉంది. పైన ఎర్రగా, కింద నల్లబెల్లంలా గట్టిపడిపోయి ఉంది. అది ఉంటే లోతు ఎలా తెలుస్తుంది? చెంచాతో గీకి గీకి తీశాను. కుంకుమను తొక్కే చోట వెయ్యకూడదు కాబట్టి నీళ్లలో కలిపి తులసి మొదట్లో పోశాను. భరిణెను గుడ్డతో తుడిచి, స్కేలు పెట్టి, రెండున్నర అంగుళాలని రాసుకున్నాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుంటూ భరిణె ఇచ్చిన ఇల్లాలి సంగతి చెప్పారు. వాళ్ల ఇంట్లో అన్నదమ్ములు భాగాలు పంచుకుంటున్నారు. ఇద్దరు తోడికోడళ్లకు ఒకటే భరిణె. ఆవిడ ఈయనతో అన్నదట: "మీకు పెట్టెలంటే పిచ్చంట కదప్పా. దీన్ని ఎత్తుకోని పోండి. ఆయమ్మ కాడ ఉంటే నాకు మంట, నా కాడ ఉంటే ఆయమ్మకి మంట. మీ కాడ ఉంటే ఇద్దరికీ సల్లగా ఉంటాది. లోపలి కుంకుమ మాత్రం ఖాళీ సెయ్యొద్దండి. మా ఇంటికి కొత్తకోడలు వచ్చేటప్పుడు ఒక చిటికె ఎత్తుకోని పోతాను." ఆ ఇంట్లో కుంకుమను ఎప్పుడూ అడుగంటనివ్వరట. తగ్గకముందే పైన కొత్తది పోస్తారు. అడుగున ఉన్నది ఆరు తరాల కిందటి అత్త పోసినదట.

నేను నోటుబుక్కు చూపించాను. ఆయన లోతు దగ్గర వేలు పెట్టి చదివారు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ పూటతో అయిపోయేది. మూతను బిగిస్తూ, విప్పుతూ చాలాసేపు కూర్చుని, "రేపు బజార్లో తెచ్చి నింపు" అన్నారు. నింపాను.

1979లో కుప్పానికి బదిలీ అయ్యింది. ఎండుగడ్డి మధ్య పెట్టెలన్నీ లారీలో వచ్చాయి. భరిణె మాత్రం నా ఒళ్లో వచ్చింది. 1982 వైశాఖంలో ఒక పొద్దున్న, పచ్చచీర కట్టుకున్న ఒక ఇల్లాలు మూడు బస్సులు మారి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "పుంగనూరు నుంచి వస్తాండానమ్మా" అనగానే మా ఆయనకు శాంతిపురంలో పని గుర్తొచ్చింది. చొక్కా గుండీలు పెట్టుకుంటూనే సైకిలెక్కారు.

"యాడికమ్మా డాక్టరప్ప అట్ల పరిగెత్తతాండాడు?"

"శాంతిపురంలో ఎనుము ఈనతాండాదంట."

"ఆయప్ప మారలేదు. మనుసుల్ని సూస్తే ఎనుములు గుర్తొస్తాయి" అని నవ్వి గోడకు చేరగిలబడింది. వచ్చే బేస్తవారం తన పెద్ద కొడుకు పెళ్లి అట. "నేను గడప తొక్కేటప్పుడు మా అత్త ఆ కుంకుమే పెట్టింది. ఆయమ్మకి వాళ్లత్త పెట్టింది. ఇంక నా వంతు" అంది.

కాఫీ ఇచ్చి, భరిణె తెచ్చి ముందు పెట్టాను. ఆవిడ కళ్లకద్దుకుని మూత తిప్పింది. కుంకుమలోకి చిటికెనవేలు దించింది. గట్టి అడుగు తగలాలి. వేలు మెత్తగా దిగుతూ పోయి కొయ్యను తాకింది. తలెత్తి నన్ను చూసింది. చెమ్మకు పాడైతే మార్చామని చెబుదామని ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాను. తీరా ఆ పూట అది నోటికి రాలేదు.

"నేనే తీసేసినానమ్మా. తెలీక. లోతు కొలవాలని."

ఆవిడ వేలికి అంటిన కుంకుమను మళ్లీ భరిణెలోకే దులిపింది.

"కొలిస్తివా?"

"కొలిస్తిని."

"ఎంత ఉండాది?"

"రెండున్నర అంగుళాలు."

"ఆరుమంది అత్తలు, రెండున్నర అంగుళాలు" అంది మెల్లగా. "నీ బుక్కులో అంతే రాస్తివా?"

అంతేనన్నాను. అంతకు మించి నా దగ్గర ఏమీ లేదు. భరిణె తీసుకుపొమ్మని బతిమాలాను. "దీన్ని ఎత్తుకోని పోతే మా తోడికోడలు మళ్లా జుట్టు ముడేసుకుని వస్తాది. యాలమ్మా నాకా కొట్లాట? నీ కాడే ఉండనీ" అంది. కాగితం అడిగింది. ఇచ్చాను. దానిలోకి ఒక చిటికె కాదు, మూడు చిటికెలు తీసుకుని, నాలుగు మడతలు పెట్టి కొంగున ముడివేసుకుంది. లేచేటప్పుడు నా భుజం పట్టుకుని లేచింది.

"ఈ మాట నీకూ నాకూ తెలిసింది సాలు. కొత్తకోడలికి నేను పాతదంటే పాతదే."

బస్టాండు దాకా తోడు వెళ్లాను. దారిలో ఆవిడ నాతో ఎండ గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఆ తర్వాత మళ్లీ రాలేదు. పెళ్లి బాగా జరిగిందని, కోడలు ఆ కుంకుమను తన భరిణెలో పోసుకుని, తగ్గనివ్వకుండా కలుపుకుంటోందని పుంగనూరు వైపు వెళ్లినప్పుడు మా ఆయన విని వచ్చారు. ఆ పిల్ల కూడా ఈపాటికి అత్త అయ్యే ఉంటుంది. గడప దగ్గర తన కోడలిని నిలబెట్టి, ఇది తరతరాలదని చెప్పే ఉంటుంది. మదనపల్లె బజారులో నేను పొట్లం కట్టించుకుని తెచ్చిన ఆ కుంకుమకు ఇప్పుడు యాభై ఏళ్లు దాటాయి. కాలం నా తప్పును దిద్దలేదు. దాన్ని కూడా పాతది చేసింది, అంతే.