అత్త తిప్పేసిన మలుపులు

మా అంతరిక్ష నౌక తలుపును చంద్రికలతో చేశాం. పట్టుపురుగులు గూళ్ళు కట్టుకోవడానికి వాడే వెదురు తట్టలవి. దిబ్బూరహళ్ళిలో చుట్టాల ఇంట్లో మూలపడేసినవి అడిగి తెచ్చి వెండి కాగితం అంటించాం. ఒకదానికి రెండు గూళ్ళు ఇంకా అతుక్కుని ఉంటే పీకనివ్వకుండా ఎర్ర రంగు పూయించి, ప్రమాద దీపాలన్నాను. ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టినా నాకేం? కథ రాసేది నేను, ఫోన్ పట్టుకుని తీసేది నేను, చిక్కబళ్ళాపురంలో మా మేడమీద కూర్చుని ముక్కలు కోసి అతికించేదీ నేనే. మూడు భాగాల సైన్స్ సినిమా. మన ప్రాంతంలో అంతకుముందు ఎవరూ తీయలేదని ఊరంతా చెప్పుకుని తిరిగాను.

నటులు ముగ్గురు. చింతామణిలో పచారి అంగడి నడిపే మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు. ఆయన భార్య, మా అత్త. పెద్దవాడైపోయిన వాళ్ళ కొడుకు. సినిమాలోనూ వాళ్ళు తండ్రి, తల్లి, కొడుకే. వేరేలా వేద్దామంటే అత్త ఒప్పుకోలేదు. "ఇంకొకరి పెళ్ళాంగా నేను యాల నటించాలమ్మా? ఈయప్ప ఉండాడు గదా," అంది. గ్రహాంతరవాసులుగా మా వీధివాళ్ళు వానకోట్లు తొడుక్కుని వచ్చారు. మేం కర్ణాటక తెలుగువాళ్ళం గనక వాళ్ళు కన్నడంలో మాట్లాడాలని మామే పట్టుబట్టాడు. "వాళ్ళది సర్కారమ్మా. మనకు సర్కారు మాటంటే కన్నడమే గదా. తెలుగులో గద్దిస్తే ఎవరు బయపడ్తారు?"

మొదటి భాగం బాగేపల్లి దగ్గరి బండల మీద తీశాం. ఆ ఎర్రమట్టి, ఆ గుండ్లు చూస్తే అది భూమి అని ఎవరూ అనరు. కథ చిన్నదే. తండ్రి నౌక ఎక్కి వేరే గ్రహానికి వెళ్తాడు, వెళ్ళిన దారిలోంచి రేడియోలో కొడుకుతో మాట్లాడుతూ ఉంటాడు. నెట్‌లో పెట్టాక చింతామణి సంతలో మామకు ఎక్కడలేని పేరొచ్చింది. బెల్లానికి వచ్చినవాళ్ళు "ఏమప్పా, ఎప్పుడు దిగొస్తావు?" అని అడిగేవాళ్ళు. మామ పప్పు తూస్తూ కూడా ఆకాశం వైపు చూసి జవాబు చెప్పేవాడు.

రెండో భాగానికి నా దగ్గర బ్రహ్మాండమైన మలుపు ఉంది. తండ్రి నౌకలోనే ఎప్పుడో చనిపోయాడు, ఇన్నాళ్ళూ రేడియోలో మాట్లాడింది ఆయన గొంతు దొంగిలించిన శత్రువు! ముందుగా తెలిస్తే మొహంలో తెలిసిపోతుందని నటులకు చెప్పలేదు. సగం తీసేశాం. నౌక కిటికీ దగ్గర తండ్రి చేతి గడియారం ఒంటరిగా తేలడం కూడా తీసి పెట్టుకున్నాను. ఆ షాటు చూసుకుని నన్ను నేనే మెచ్చుకుంటూ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడే మామకు గుండెలో నొప్పి వచ్చింది. బెంగళూరు డాక్టర్లు చూసి, ఎద తెరిచి ఆపరేషన్ చేయాలన్నారు. ఆ మాట మా ఇంటికి ఇంకా చేరలేదు. నేను అదే వారం నవ్వుకుంటూ చింతామణికి పోయి, అత్త చేతిలో ఆమె మాటలు రాసిన కాగితం పెట్టాను. భర్త చావు కబురు విని ఆమె ఏడవాలి.

అసలు నాకు బుద్ధి ఉండాలి. మా ఇళ్ళల్లో బియ్యం అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. అలాంటి ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటి ఆడమనిషి చేతిలో, పక్కనే భర్త ధనియాల మూట విప్పుతుండగా, ఆ మాటలు పెట్టాను.

అత్త కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. "సంపేస్తివా? ఆపరేషన్‌కు పోయే మనిషిని సంపేస్తివా?"

ఆపరేషన్ సంగతి నేను వినడం అప్పుడే. వినీ నోరు ఊరుకోలేదు. "అత్తా, అది కథ."

"కథని తథాస్తు దేవతలకు ఎవరు చెప్తారు? నువ్వు పోయి చెప్తావా?"

నాకు కోపం నషాళానికి ఎక్కింది. సగం తీసిన సినిమా! తేలే గడియారాన్ని ఏం చేసుకోవాలి? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించే రకాన్ని నేను. ఇంకా ఏదో అనబోయాను గానీ, అత్త ఆ కాగితం ముక్కల్ని ఎవరి కంటా పడకుండా కొంగున ముడేసుకుంది. అది చూసి నాకూ భయం వేసింది. మామ లేని ఆ అంగడి కళ్ళముందు మెదిలింది. మామ మూట పక్కనపెట్టి నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "మార్చేయమ్మా. నాకూ సచ్చేది ఇష్టంలేదు."

మార్చేశాను. తండ్రి చనిపోలేదు, కాలం నడవని చోట చిక్కుకుపోయాడు. అందుకే గడియారం చేతిలోంచి జారి తేలుతోంది! రాసుకున్నాక చూస్తే నా పాత మలుపు కంటే ఇదే బాగుంది, అది ఇంకా మండించింది నన్ను.

అక్కడితో ఆగితే అత్త ఎందుకవుతుంది? "కాలం లేని సోట ఆయప్ప తినేదేమి?" అని అడిగింది. ఆకలి ఉండదన్నాను. "ఆకలి లేకుండా మీ మామ యాడుంటాడు?" సరే, ఒక గ్రహాంతరవాసి రోజూ రాగి సంగటి, పప్పు పెడుతుందని రాశాను. "పెడుతుందా? ఆడమనిషా?" అంది కళ్ళు చిన్నవి చేసి. ముసలాయన పెడతాడని దిద్దాను. ఎదురింటి తాతకు వానకోటు తొడిగాం. ఆయన సంగటి ముద్దను అంతరిక్షంలో ఎంత గౌరవంగా వడ్డించాడంటే, తరువాత చూసినవాళ్ళలో సగంమంది ఆయన గురించే అడిగారు.

ఇంతలో నెత్తిన ఇంకో పిడుగు. మామ బాగుండాలని అత్త వెంకన్నకు మొక్కుకుంది. మొక్కుకున్నది తన జుట్టు కాదు, కొడుకు జుట్టు! వాడు కొండకు పోయి నున్నటి గుండుతో, గంధం పూసుకుని, లడ్డు పట్టుకుని షూటింగుకు దిగాడు. తండ్రిని వెతుకుతూ వచ్చి నౌక తలుపు తోసే షాటులో వాడికి ఒత్తయిన జుట్టు. తలుపు దాటి లోపలికి వచ్చే షాటు ఇంకా తీయాలి.

"టోపీ పెడదాం," అన్నాడు వాడు.

"దేవుడికిచ్చిన తలను దాస్తావా?" అంది అత్త.

చేసేదేముంది, శత్రువులు తలుపు దగ్గరే వాణ్ణి పట్టుకుని, మెదడు చదవడానికి తల గొరిగేశారు. సర్కారు వానకోట్లు "తలె తగ్గిసు!" అంటూ తల దించమని కన్నడంలో గద్దించాయి. నవ్వాపుకోలేక మేం బండలు పట్టుకుని కూలబడ్డాం. నవ్వి చచ్చాం అనబోయి నాలుక కరుచుకున్నాను, ఆ మాట మీద అప్పటికే నిషేధం. షాటు అయిపోయిందనకూడదు. ఫోన్‌లో చార్జింగు తగ్గిపోతే "నిండుకుంది" అనాలి. ఫోన్ నిండుకుందని నేను అరిస్తే గ్రహాంతరవాసులు టీకి పోయేవాళ్ళు.

ఆపరేషన్ రోజు బెంగళూరు ఆసుపత్రి వరండాలో అత్త నా పక్కన కూర్చుంది. కాసేపటికి నా మోచెయ్యి పట్టుకుని, "మూడో భాగం చెప్పు," అంది. నేను రాయనే లేదు. నోటికొచ్చినట్టు అల్లాను. మామ నౌక నడుపుకుంటూ వస్తున్నాడు, దారిలో ఒక చుక్క మీద దిగి వేరుశెనక్కాయల బేరం చేస్తున్నాడు, కాళ్ళు కడుక్కుంటున్నాడు. "ఆ, తర్వాత?" అనేది. లోపలి తలుపు తెరుచుకున్నప్పుడల్లా నా నోటికి చెయ్యి అడ్డం పెట్టేది. ఎవరో నర్సు బయటికి వచ్చి వేరే వాళ్ళను పిలవగానే చెయ్యి తీసి, మళ్ళీ "తర్వాత?" అనేది. మామను ఎన్ని చుక్కల మీద దింపానో నాకే తెలియదు. దింపడం ఆపితే ఏమవుతుందోనని భయపడి, నోరెండిపోయినా చెప్తూనే ఉన్నాను. చివరికి డాక్టర్ వచ్చి బాగా జరిగిందని చెప్పాడు. అత్త ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, నావైపు తిరిగి, "మిగిలింది ఇంటికి పోయినాక చెప్పుదువులే," అంది.

మామ కోలుకోవడానికి చాలా నెలలు పట్టింది. ఇక మూడో భాగంలో ఒక్క మలుపైనా నాది ఉండి తీరాలని నేను పంతం పట్టాను. నౌక దిగి వచ్చేది తండ్రి కాదు, ఆయనలా శత్రువులు తయారుచేసిన యంత్రం! భార్య ఆనందంతో దగ్గరికి వెళ్ళి ఎదమీద చెయ్యి వేస్తుంది. లోపల చప్పుడు ఉండదు. వెనక్కి దూకి "నువ్వు మా ఆయప్పవు కాదు!" అని కేక పెడుతుంది.

ఈసారి ముందే చెప్పి అత్త అనుమతి అడిగాను. "నిజం మనిషి యాడుంటాడు మరి?" అంది.

"పదిలంగా ఉంటాడత్తా. మూడుతో ఆపనులే, నాలుగో భాగంలో వస్తాడు."

"సంగటి పెట్టే తాత ఉంటాడా?"

"ఉంటాడు."

"అట్లయితే సరే." ఆ కేకను అంగట్లో ఎంత గట్టిగా సాధన చేసిందంటే, పక్క అంగళ్ళవాళ్ళు తక్కెళ్ళు వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

మామ బండలు ఎక్కకూడదు కాబట్టి పేరేసంద్ర దాటాక రోడ్డుకు దూరంగా ఒక బీడులో నౌక నిలబెట్టాం. చంద్రికల తలుపు పక్కకు జరిగింది. చిక్కి సగమైన మామ, యంత్రంలా కాళ్ళు బిగబట్టి, రెప్ప వేయకుండా దిగాడు. అత్త ఎదురెళ్ళింది. ఎదమీద చెయ్యి వేసింది. నేను ఫోన్ దగ్గరికి జరిపాను.

కేక లేదు. చెయ్యి తీయలేదు. పక్కనుంచి కొడుకు గుసగుసగా మాట అందించాడు. ఆమె వినలేదు.

"కొట్టుకుంటాండాది," అంది అత్త.

"అత్తా, కొట్టుకోకూడదు! అది యంత్రం!"

"యంత్రమేందమ్మా! కొట్టుకుంటాండాది, నువ్వే వచ్చి సూడు!"

మామ రెప్ప వేయకూడదని ఇంకా బిగబట్టే ఉన్నాడు, కానీ ఆ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఇక వల్లకాక నావైపు తిరిగి నవ్వాడు.

"కొట్టుకోనీలేమ్మా," అన్నాడు. "మలుపు ఇంకోటి రాసుకుందువు."