జోరీగ వాయించిన గొంతులు

మా తమ్ముడి గురించి చెప్పమని చాలామంది అడుగుతున్నారు. మైకు పట్టుకుని ఇంటికి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. నేను మాట్లాడితే ఇప్పుడు ఎవరికీ ఏమీ అనిపించడం లేదు. కాగితం మీద మాత్రం నా నోరు ఇంకా నాదే. అందుకని రాస్తున్నాను.

వాడికి మాటలు నాలుగో ఏడు నిండాక వచ్చాయి. రాగం అంతకుముందే వచ్చింది. "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు" అని అమ్మ కసిరితే, వాడు మూతి బిగించి, మాట లేకుండా, ఆ కసురును ముక్కుతో మళ్ళీ పలికేవాడు. ఎక్కడ ఎక్కిందో అక్కడ ఎక్కి, ఎక్కడ విరిగిందో అక్కడ విరిగేది. వెక్కిరిస్తున్నాడనుకుని అమ్మ వీపు మీద ఒకటి వేసేది. వాడు ఏడ్చేవాడు కాదు, అమ్మ తర్వాత ఏమంటుందా అని ఎదురుచూసేవాడు. చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన వెనక నిలబడి గుసగుసగా పేరు పిలిచాడు. వీడు ఆ గుసగుసను గుసగుసగానే మూలిగాడు. డాక్టరు నవ్వాడు. ఆ నవ్వు కూడా వెనక్కి వచ్చేసరికి నవ్వడం మానేసి, చెవులు బాగానే ఉన్నాయి, ఇక తీసుకురావక్కర్లేదన్నాడు.

బడిలో వాడి పేరు జోరీగ. పేరు పెట్టిన పిల్లల్ని తప్పు పట్టను, రోజంతా చెవి దగ్గర రొద పెడితే ఎవరైనా అదే పేరు పెడతారు. అసలు చిక్కు వేరే ఉంది. ఎవరైనా పిలిస్తే ఆటకు పిలుస్తున్నారో కొట్టడానికి పిలుస్తున్నారో వాడికి తెలిసేది కాదు. మాటలో అర్థం వాడికి ఆఖరున చేరేది, ఒక్కోసారి చేరేదే కాదు. తెలియక వెళ్ళేవాడు, దెబ్బలు తిని వచ్చేవాడు. నేను వాడికంటే ఆరేళ్ళు పెద్ద. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ నా నోరు ఏనాడూ మంచిది కాదు. ఓసారి బడి గేటు దగ్గర నేను అరిచిన అరుపుకి నలుగురు మొనగాళ్ళు పుస్తకాల సంచులు వదిలేసి పరుగెత్తారు. మా వాడు మాత్రం నా పక్కనే నిలబడి, పెదాలు కదుపుతూ, ఆ అరుపును సాధన చేసుకుంటున్నాడు. వాడి మీద కోపమూ జాలీ ఒకేసారి రావడం నాకు అప్పటినుంచే అలవాటు.

మా మామయ్యకి ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే కొట్టు ఉండేది. వీధి వైపు ఒక బల్ల, బల్ల వెనక రాగితీగ చుట్టలు, విప్పదీసిన మోటార్లు. సెలవుల్లో వాడిని అక్కడ కూర్చోబెట్టేవారు. ఫ్యాను తిప్పగానే ఏ బేరింగు అరిగిందో మా వాడు కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఎవరో బాగుకిచ్చి మళ్ళీ తీసుకెళ్ళని, సంగీతం వాయించే కీబోర్డు ఒకటి అటక మీద ఉండేది, మూడు మీటలు పలకవు. మామయ్య అది వాడికిచ్చేశాడు. ఆ మూడూ పలికించడానికి వాడికి నెల పట్టింది. ఆ తర్వాత వాడు ముక్కుతో మూలగడం మానేశాడు. ఇల్లంతా హాయిగా ఊపిరి పీల్చుకున్నాం, పీడ వదిలిందనుకున్నాం.

వాడి పని పద్ధతి చెబుతాను, ఇది తెలిస్తేనే మిగతాది తెలుస్తుంది. ముందు మనిషి మాటను ఫోనులో పట్టుకుంటాడు. దాన్ని ముప్పై నలభైసార్లు విని, తెల్లకాగితం మీద చిన్న చిన్న గీతలు పెడతాడు, పైకీ కిందికీ, మెట్లలాగా. ఆ మెట్ల ప్రకారం మీటలు నొక్కుతాడు. కీబోర్డు అచ్చం ఆ మనిషిలాగే కసురుకుంటుంది, బతిమాలుతుంది, అబద్ధమాడుతుంది. మాటలుండవు, అయినా ఏ మాటో అందరికీ తెలిసిపోతుంది. చివరగా ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, అదే మాటను కీబోర్డుతో కలిపి నాలుగైదుసార్లు చెప్పిస్తాడు. అది కుదిరాక ఫోనులో పట్టుకున్నదాన్ని చెరిపేస్తాడు. ఎందుకురా అంటే ఇక అక్కర్లేదంటాడు.

మొదట వాయించింది లెక్కల మాస్టారిని. ఆయన హాజరు పిలిస్తే పిల్లలకు కాళ్ళు వణికేవి. బడి వార్షికోత్సవంలో ఆయన్ని వేదిక మీదికి పిలిచి, ఆయన హాజరు పిలుస్తుంటే వీడు వాయించాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు, మాస్టారూ నవ్వాడు. వాడి జీవితంలో నలుగురు చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి, వెనక వరసలో కూర్చుని నేను ఏడ్చాను. మర్నాటి నుంచి మాస్టారి గొంతులో బెత్తం లేదు. కోప్పడుతున్నాడో పాఠం చెబుతున్నాడో తెలియక పిల్లలు గోల చేసేవారు. ఏడాది తిరక్కుండా ఆయన్ని పుస్తకాల గదికి మార్చేశారు. వయసు మీద పడిందన్నారు, నేనూ అలాగే అనుకున్నాను.

అమ్మ పోయాక వాడు నాతోనే ఉంటున్నాడు. మాకు రెండు గదులు. మా ఆయన లారీ మీద వెళితే పది రోజులకు గానీ ఇంటికి రాడు. ఒకనాడు వాడు మామయ్య మాటను వాయించి, వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. "రేపు రండి, రేపు తప్పకుండా అయిపోతుంది" అని మామయ్య రోజూ ముప్పైమందికి చెప్పే మాట అది. వారంలో దాన్ని లక్షమంది చూశారు. ఊళ్ళో పని ఎగ్గొట్టేవాళ్ళందరికీ అది పాటైపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా వాడు ముందు రచ్చ గెలిచి, ఫోను పట్టుకుని ఇంట్లోకి వచ్చి, "అక్కా, వీళ్ళంతా నవ్వుతున్నారు, నామీద కాదు" అన్నాడు.

రెండు నెలల తర్వాత నేను మిక్సీ తీసుకుని కొట్టుకి వెళ్ళాను. బల్ల దగ్గర ఒకావిడ ఫోనులో ఆ వీడియో పెట్టుకుని నవ్వుతోంది. ఫోనులోంచి మామయ్య బతిమాలుతున్నాడు, నసుగుతున్నాడు, చేతులు నలుపుకుంటున్నాడు. బల్ల వెనక కూర్చున్న మామయ్య సరిగ్గా అదే మాట ఆవిడతో అన్నాడు. గోడ అన్నట్టుంది. ఆవిడ నవ్వు ఆగిపోయింది. పొగరు నెత్తికెక్కిందని గొణుక్కుంటూ తన ఫ్యాను తను తీసుకుని వెళ్ళిపోయింది. బల్ల మీద రెండు ఫ్యాన్లు మిగిలాయి, అంతకుముందు ఇరవై ఉండేవి. నేను మిక్సీ అక్కడే వదిలేసి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఆ సాయంత్రం వాడితో అంతా చెప్పాను. మాస్టారి సంగతి, మామయ్య సంగతి. నువ్వు తీసుకున్నది వాళ్ళకి తిరిగి రావడం లేదురా అన్నాను. వాడు తల వంచుకుని శ్రద్ధగా విన్నాడు. తీరా చూస్తే వాడి వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి, నా భయాన్ని మెట్లు కడుతున్నాయి. బెల్లం కొట్టిన రాయికి చెప్పినా ఇంతకంటే మేలు. కొట్టాలనిపించింది, అమ్మ గుర్తొచ్చి ఆగాను.

మరి అన్నీ తెలిసి నీ గొంతు వాయించడానికి నువ్వెందుకు ఒప్పుకున్నావని అడగవచ్చు. అడగాల్సిందే. మామయ్య కొట్టు మూతపడింది, అక్కడే చేస్తున్న వాడి పనీ పోయింది. వీడియో కింద జనం మీ ఇంట్లోవాళ్ళ మాట పెట్టమని వందల కొద్దీ రాస్తున్నారు. పుట్టి బుద్ధెరిగాక వాడు నన్ను నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి. పైగా నాకూ ఆశే, అబద్ధమెందుకు. ఊరంతా నా మాట చెప్పుకుంటుందంటే ఎవరికి చేదు? మామయ్యది ఏదో గొంతు జబ్బయి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మా పాపకి మూడేళ్ళు. భోజనం అనగానే బల్ల కింద దూరుతుంది. "వస్తావా, నన్ను రమ్మంటావా" అని నేను రోజూ పిలిచే పిలుపునే వాడు ఎంచుకున్నాడు. కాగితం నిండా గీతలు పెట్టాక నన్ను పక్కన కూర్చోబెట్టాడు. మొదటిసారి నేను అన్నాను, వాడు నా వెనకే వాయించాడు. రెండోసారి ఇద్దరం కలిసి వెళ్ళాం. మూడోసారి ఎవరు ముందో తెలియలేదు. నాలుగోసారికి కీబోర్డు ముందు నడుస్తోంది, నేను దాని వెనక పడి పోతున్నాను. గొంతులో నొప్పేమీ లేదు. చెమట ఆరినప్పుడు వేసే చలిలాంటిది ఒకటి మెడ చుట్టూ తిరిగి వెళ్ళింది, అంతే. వాడు ఫోను తీసి నా మాట చెరిపేశాడు.

అది వాడి వీడియోలన్నిటినీ మించిపోయింది. లిఫ్టులో కాపలా మనిషి నా కోపాన్ని ఈల వేశాడు. బస్సులో నా వెనక సీటు మనిషి ఫోనులోంచి నేను పాపని పిలిచాను, తిరిగి చూస్తే ఆయన నిద్రపోతున్నాడు. నేను పళ్ళ ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తే పనిలో ఉన్నాను. నేను పలకరించగానే అవతలివాళ్ళు ఏదో యంత్రం అనుకుని అంకెలు నొక్కడం మొదలుపెట్టారు. వారం తర్వాత నన్ను వెనక గదిలో కాగితాలు సర్దే పనికి వేశారు. మా ఆయన దారిలోంచి ఫోను చేసి, ఎందుకలా మాట్లాడుతున్నావని మూడుసార్లు అడిగి, తర్వాత సందేశాలు పెట్టడం మొదలుపెట్టాడు. భోజనానికి నేను పిలిస్తే పాప కదలదు. వీడియో పెడితే బల్ల కిందినుంచి నవ్వుతూ పరుగెత్తుకొచ్చి ఫోనుని హత్తుకుంటుంది. నేను అక్కడే నిలబడి ఉంటాను, చేతిలో కంచంతో.

ఇంతలో వాడికి పెద్ద వేదిక మీద పిలుపు వచ్చింది. పాప ముద్దుమాటలు ఉంటే బాగుంటుందని నిర్వాహకులు అడిగారట. నేను అప్పుడే కుదరదని ఒక్క ముక్కలో తేల్చేయాల్సింది. అతితెలివికి పోయాను. మాస్టారైనా మామయ్యైనా నేనైనా గొంతు పోగొట్టుకున్నది కలిపి చెప్పినప్పుడే కదా అని లెక్క కట్టాను. విను, రాసుకో, నీ ఇష్టం. దాన్ని పక్కన కూర్చోబెట్టి చెప్పించకు అన్నాను. వాడు నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. మా వాడు ఒట్టు తప్పే రకం కాదు, మాటకి అటూ ఇటూ పోవడం వాడికి చేతకాదు.

ఆదివారం పొద్దున మేడమీద బట్టలు ఆరేసి దిగుతున్నాను. మెట్ల మలుపులో పాప గొంతు వినిపించింది. "నాకొద్దు, నాకొద్దు, కొంచెమే కావాలి." నవ్వొచ్చింది. ఇంకో రెండు మెట్లు దిగేసరికి అర్థమైంది, అది కీబోర్డు. గుమ్మంలోకి వచ్చాను. వాడు తలుపు వైపు వీపు పెట్టి, గీతల కాగితం ముందు పెట్టుకుని సాధన చేసుకుంటున్నాడు. పాప వాడి పక్కన లేదు. బల్ల కింద బోర్లా పడుకుని, రంగు పెన్సిలు తిప్పుకుంటూ, తనంతట తానే కీబోర్డుతో కలిపి అంటోంది. మూడేళ్ళ పిల్ల విన్నదాన్ని అనకుండా ఊరుకుంటుందా? ఆ చిన్న సంగతి నాకు తట్టలేదు, వాడికీ తట్టలేదు.

"ఆపు" అన్నాను. వాడు తల తిప్పలేదు. నాలో ఉన్న బలమంతా కూడగట్టి మళ్ళీ అరిచాను. మెడనరాలు లాగాయి, చెవులు గింగురుమన్నాయి.

"ఉండక్కా, ఇదొక్కటి అయిపోనీ" అన్నాడు వాడు తాపీగా.

బడి గేటు దగ్గర నలుగురిని తరిమిన నోరు ఇది. ప్రపంచంలో నా అరుపు సంగతి వాడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. దాన్ని తీసుకుని దాచుకున్నది కూడా వాడే. నా నోట్లో వాడికి వినబడేందుకు ఏమీ మిగల్లేదు. బట్టల బుట్ట విసిరేసి, గోడ దగ్గరికి పరుగెత్తి, వైరు పట్టుకుని లాగేశాను. అప్పుడు వాడు వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. చూశాక గానీ వాడి రంగు మారలేదు.

"నేను చెప్పించలేదక్కా. అదే అంటోంది" అన్నాడు. నిజమే. ఎన్నిసార్లు అందిరా అని అడిగాను. వాడు లెక్క పెట్టుకోలేదు.

బల్ల కింద చెయ్యి పెట్టి పాపని బయటికి లాగి ఎత్తుకున్నాను. దాని మెడ చల్లగా ఉంది. అది నా రెండు బుగ్గలూ పట్టుకుని, నా కళ్ళల్లోకి చూసింది.

"అమ్మకి కోపం వచ్చింది" అంది.

అడిగిందో, ఊరికే చెప్పిందో ఆ గొంతును బట్టి నాకు తెలియలేదు.