స్క్రూ పన్ను మీద నింద

సోఫాలకు బట్ట వేసే మేస్త్రి నోట్లో ఎప్పుడు చూసినా గుప్పెడు చిన్న మేకులుంటాయి. ఆ పనిలో అదొక పద్ధతి. ఎడమ చేత్తో బట్ట లాగిపట్టి, నాలుకతో ఒక్కో మేకునూ పెదాల మధ్యకు తోసి, అయస్కాంతం సుత్తికి అందించి దిగగొట్టాలి. మిగతా మేస్త్రీలు అందిస్తారు. ఈయన ఉమ్ముతాడు. ఒకసారి ఆయన ఉమ్మిన మేకు ఎగిరే ఈగను రెక్క పట్టుకుని గోడకు కొట్టేసిందనీ, ఆ ఈగ సాయంత్రం దాకా అక్కడే ఉండి ఆయన్ని తిట్టిందనీ బజారంతా చెప్పుకుంటారు. బజారంతా అంటే ఆయనే, బజారంతా తిరిగి.

పెళ్లయిన నాటి నుంచీ ఆ ఈగ కథ వింటున్న ఘనత ఆయన భార్యది. షాపు వెనక గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని సోఫా తొడుగులు కుడుతుంది. ఓర్పు ఎలా పట్టాలో భూదేవి వచ్చి ఆవిడ దగ్గర నేర్చుకుపోవాలి. అంతటి ఓర్పూ ఈ ఏడు ఆఖరి దారప్పోగు దాకా వచ్చింది. కారణం మొగుడి నోట్లో పుండు.

రెండేళ్ల కిందట కుడివైపు కింది పన్నొకటి ఊడితే, పళ్ల డాక్టరమ్మ దవడ ఎముకలోకి స్క్రూ దించి దాని మీద కొత్త పన్ను బిగించింది. ఇంప్లాంట్ అంది ఆవిడ. స్క్రూ పన్ను అన్నాడు మేస్త్రి. అప్పట్నుంచీ ఆయన గొప్పలకు పట్టపగ్గాల్లేవు. "మిగతా పళ్లు దేవుడు ఏదో తొందరలో గుచ్చి వెళ్లిపోయాడు. దీన్ని మనిషి కూర్చుని బిగించాడు. నా ఒంట్లో గ్యారంటీ ఉన్న పార్టు ఇదొక్కటే," అనేవాడు.

ఆ గ్యారంటీ పార్టు పక్కనే చిగురు మీద పుండు లేచింది. చుట్టూ తెల్లగా, మధ్యలో ఎర్రగా ఉంది. ఎన్నాళ్లయినా మానలేదు.

"మేకు గీరుకుందిలే," అన్నాడు మేస్త్రి.

"మేకు కాదు బావా, స్క్రూ," అన్నాడు మేస్త్రి భార్య తమ్ముడు. షాపులో స్పాంజి కోయడం అతని పని, ఫోను చూసి లోకానికి జబ్బులు అంటగట్టడం అతని సరదా. "ఇదిగో, ఇంప్లాంట్ వల్ల నోటి క్యాన్సర్ అని రాశారు. లోహం కదా, లోపల తుప్పు పట్టి విషం కక్కుతుంది. పీకించెయ్."

"నా స్క్రూకి తుప్పేంట్రా! మీ అక్క వంటకే తట్టుకుంది."

భార్య పోరు పడలేక మేస్త్రి ఒకసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే మేకు గీరుకుందని చెప్పేశాడు. ఆవిడ స్క్రూ చుట్టూ శుభ్రం చేసి, పుక్కిలించే మందు ఇచ్చి, మేకులు నోట్లో పెట్టొద్దనీ రెండు వారాల్లో మళ్లీ రమ్మనీ చెప్పింది. మర్నాడే మేకులు నోట్లోకి వెళ్లాయి. మేస్త్రి మాత్రం డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లలేదు.

ఇక షాపులో రెండు పార్టీలు. మేకు పార్టీకి మేస్త్రి నాయకుడు, స్క్రూ పార్టీకి బావమరిది. దిండు గలీబు కోసం వచ్చినవాళ్లను కూడా ఆపి, నోరు తెరిచి చూపించి, ఓటు అడిగేవారు.

"కారణం తర్వాత తేల్చుకుందురుగాని. అసలు అదేంటో చూపించుకుందాం పదవయ్యా," అని భార్య మొత్తుకునేది.

"వెళ్తే స్క్రూ పీకేస్తారే!"

"పీకితే పీకనీ! అది క్యాన్సరే అయితే?"

"నీ నోట్లోంచి మంచి మాట రాదా?"

"నీ నోట్లో ఉన్నది మంచిదో కాదో తెలిస్తే అప్పుడొస్తుంది."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. రోజూ అన్నం తినేటప్పుడు ఆయన ఎడమవైపే నమలడం, మజ్జిగ తగిలినా మొహం చిట్లించడం ఆవిడ చూస్తూనే ఉంది. ఆ పుండు ముదిరితే మనిషి మిగలడన్న భయం మిషను సూదిలా లోపల టకటకా పొడుస్తోంది. ఎదురుగా చూస్తే ఈ ఇద్దరు మేధావులు.

అలాంటి రోజుల్లో ఒకామె, వారం కిందట బట్ట మార్పించుకు వెళ్లిన సోఫాను వెనక్కి పట్టుకొచ్చింది. మీగడ రంగు బట్ట. అంచు వెంబడి మేకు ఉన్న ప్రతిచోటా గోధుమరంగు మచ్చ.

"తుప్పు!" అని చప్పట్లు కొట్టాడు తమ్ముడు. "లోహం అంటే ఇదే అక్కా! నేను చెప్పలా?"

కొత్త మేకులకు వారంలో తుప్పేమిటి? ఆవిడ తడిగుడ్డతో ఒక మచ్చ అద్ది వాసన చూసింది.

పొగాకు.

పన్ను కట్టకముందే డాక్టరమ్మ పొగాకు మానమంది. మానేశానని మేస్త్రి భార్య తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. ఆవిడకు అనుమానం వచ్చినప్పుడల్లా మేకులతో నిండిన నోరు చూపించి, "ఇందులో పొగాక్కి జాగా ఎక్కడుందే, నువ్వే చెప్పు," అనేవాడు. నిజమే కదా అనుకుంది పిచ్చిది. మేకులన్నీ ఎడమ బుగ్గలో. పొగాకు ముద్ద కుడి బుగ్గలో, స్క్రూ పన్ను పక్కన, సరిగ్గా పుండున్న చోట. దాని రసమే ఉమ్మిన మేకుకు అంటి బట్టకెక్కింది. ఒక బుగ్గ షాపు, ఒక బుగ్గ గోడౌను!

"ఏమయ్యా, ఇదేంటి?" అని గుడ్డ ఆయన ముక్కు కింద పెట్టింది.

మేస్త్రి కుడి బుగ్గను అరచేత్తో కప్పుకున్నాడు. తమ్ముడు పైకప్పు వైపు చూస్తూ బల్లుల్ని లెక్కపెట్టసాగాడు. పొగాకు డబ్బా అతనిదే. బావాబావమరుదులిద్దరికీ పొత్తు.

"నా తల మీదే ఒట్టేశావు కదయ్యా! నేను పోయినా పర్లేదనుకున్నావా?"

"ఛ, నీకేం కాదని నమ్మకమే..."

"పదండి. ఇద్దరూ."

డాక్టరమ్మ దగ్గర ఈసారి ఆవిడే ముందు నోరు విప్పింది. "మేకు గొడవ వదిలెయ్యండి డాక్టరమ్మా. ఈయన పొగాకు మానలేదు. ఆ పుండు మీదే పెడుతున్నాడు."

"కానీ మేడం, ఇంప్లాంట్ వల్లేనని రాశారు..." అన్నాడు తమ్ముడు ఫోను చాపుతూ.

"ఇంప్లాంట్ పక్కన క్యాన్సర్ వచ్చినవాళ్లు కొద్దిమంది ఉన్నారు. స్క్రూ వల్లే వచ్చిందని మాత్రం ఎవరూ తేల్చలేదు. వాళ్లలో చాలామందికి పొగాకు అలవాటో, ముందే నోట్లో జబ్బో ఉంది. అసలు చిక్కు వేరే. స్క్రూ పక్కన పుండు కనపడితే అక్కడ పట్టిన ఇన్ఫెక్షన్ అనుకుని కడుగుతూ ఉంటాం. నేనూ అదే చేశాను. నేను రమ్మన్నప్పుడు మీరు మళ్లీ వచ్చుంటే, మానలేదని అప్పుడే ముక్క తీసి పరీక్షకు పంపేదాన్ని కదండీ!" ఆవిడ గొంతులోనూ విసుగే.

"మరి స్క్రూ ఉంటుందా?" అని గొణిగాడు మేస్త్రి.

"ముందు నువ్వుంటావేమో కనుక్కో!" అంది భార్య.

ముక్క తీశారు. ఫలితం వచ్చింది. క్యాన్సరే. చిన్నదిగానే ఉందనీ, ఇంకెక్కడికీ పాకినట్టు లేదనీ చెప్పారు. పెద్దాసుపత్రిలో కొంత చిగురూ, కొంత ఎముకా కోసేశారు. గ్యారంటీ పార్టు కూడా వాటితోపాటే పోయింది. ఆపరేషన్ గది బయట బల్ల మీద ఆవిడ గట్టిగా తిట్టుకుంటూనే కూర్చుంది. తిట్లు ఆగితే ఏడుపొస్తుందని ఆవిడకు తెలుసు.

కుట్లు మానాక డాక్టరమ్మ ఒకసారి చూస్తానంటే ముగ్గురూ వెళ్లారు. బాగానే ఉందనీ, పిలిచినప్పుడల్లా వచ్చి చూపించుకుంటూ ఉండాలనీ ఆవిడ చెప్పింది. మేస్త్రి వంకర మూతితోనే నవ్వబోయాడు.

"చూశావా అక్కా," అన్నాడు తమ్ముడు. "స్క్రూ పోయింది, పీడా పోయింది. నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా."

అక్క అతని చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. పొగాకు డబ్బా బయటికొచ్చింది. సగం ఖాళీ.

ఆవిడ డబ్బాను చెత్తబుట్టలో పడేసి, తమ్ముడి జబ్బ పట్టుకుని కుర్చీ దగ్గరికి ఈడ్చింది. "డాక్టరమ్మా, వీణ్ణి కూడా చూడండి."

"నాకెందుకక్కా!" అని గింజుకున్నాడు అతను. "నాకు స్క్రూ పన్నే లేదుగా!"

అక్క అతని భుజాలు రెండూ కుర్చీకి అదిమిపట్టింది. మేస్త్రి వచ్చి కాళ్లు పట్టుకున్నాడు. డాక్టరమ్మ దీపం అటు తిప్పింది.