అత్త చెయ్యి పట్టిన సందు

గద్వాలలో హీటరున్న బండి నాకు తెలిసి మాదొక్కటే. మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత జీపును నా పెనిమిటి ముచ్చటపడి తెచ్చాడు. అది ఏ మంచుకొండల్లో తిరిగిందో గానీ, డ్రైవరు కాళ్ల దగ్గర వెచ్చటి గాలి ఊదే డబ్బా ఒకటి ఉండేది. ఎండలకు రాళ్లు పగిలే మా ఊళ్లో హీటరేంది అని చూసినవాళ్లంతా నవ్వేవారు. "దాన్ని పీకితే అటుకులన్నా పోసుకుందుము" అని నేనూ దెప్పేదాన్ని. డబ్బాను ఎవరూ వాడలేదు కాబట్టి దానికి వచ్చే పైపును ఎవరూ పట్టించుకోలేదు. రేడియేటరు పైపులు మార్పించాడు గానీ, ఇంజను వెనక సందులో ఉన్న ఆ పైపును మాత్రం ముట్టలేదు. హీటరు వాడకపోయినా ఇంజనులో కాగే నీళ్లు అందులోకీ పోతూనే ఉంటాయని మాకు తెలిస్తే కదా! అది లోలోపలే బీటలు వారి, సమయం చూసుకుని మరీ పగిలింది.

తుంగభద్ర అలంపూర్ వైపు ఊళ్ల మీద పడిన ఏడాది అది. మా ఆడబిడ్డను ఆ ఒడ్డునున్న పల్లెకే ఇచ్చాం. మొగుడు బొంబాయికి కూలికి పోతే, ఇద్దరు పిల్లలతో ఒక్కతే ఉంది. పొద్దున్నే ఫోన్ చేసింది. "అన్నా, నీళ్లు ఇంటి కడప ఎక్కినయ్. బడి మిద్దెమీదికి పోతున్నం. జల్ది రా" అంది. ఆ తర్వాత మేమెంత కొట్టినా ఆమె ఫోను మోగలేదు.

నా పెనిమిటి ఉన్నపళంగా బండి తీశాడు. ఊరు దాటకముందే బానెట్ సందుల్లోంచి గుప్పున ఆవిరి లేచింది. నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. వానలో తోసుకుంటూ ఇంటికి తెచ్చారు. కిరాయి బండ్లవాళ్లను అడిగితే, ఆ దిక్కు ముచ్చటే ఎత్తొద్దన్నారు.

మా వీధిలోనే ఉండే మెకానిక్ చాచా కొత్త పైపు ముక్క పట్టుకుని వచ్చాడు. ఇంజను చల్లారాక సందులో చెయ్యి పెట్టాడు. అరచెయ్యే దూరలేదు. నా పెనిమిటిదీ అంతే.

"ఇంజన్ దించాలె బేటా. రేపు మాపటికి గాని కాదు" అన్నాడు చాచా.

"పైపు వద్దు చాచా, బిరడా కొట్టి మూసేద్దాం" అన్నాడు నా పెనిమిటి.

"బిరడా కొట్టాలన్నా చెయ్యి ఆడికే పోవాలె గద."

నాకు ఒళ్లు మండింది. "రేపు మాపటిదాంక వాళ్లు ఉంటరా? జరుగుండ్రి!" అని ముందుకు పోయాను. నా అరచెయ్యి దూరింది గానీ గాజులు అడ్డం పడ్డాయి. తీసేద్దామని మొదటి గాజు లాగుతుంటే, మా అత్త వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

మామ పోయి అప్పటికి చాలా ఏళ్లు. కొడుకు బయలుదేరుతున్నాడంటే చాలు, అత్త వెనకింట్లోకి పోయేది. విధవరాలు ఎదురొస్తే పోయే పని చెడుతుందని ఆమె నమ్మకం. మేమెవరమూ ఆమెను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు.

"వాడు గంగకు ఎదురు పోతుండు. ఈ పొద్దు నీ చేతులు బోసిగ ఉండొద్దు పిల్లా" అంది.

"గాజులు ముఖ్యమా అత్తా, నీ బిడ్డ ముఖ్యమా?" అని కసిరాను.

అత్త కొంగు నడుముకు దోపుకుంది. "నా చేతికి అడ్డమేమున్నయ్? జరుగు" అంది.

నేను పక్కకు జరిగాను.

విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లో మొగ్గలు గిల్లిన చెయ్యి అది. కండ లేదు, ఎముకా గోరే. మోచేతి దాకా సందులోకి పోయింది. అత్త కళ్లు మూసుకుని తడిమి, పాత పైపును గోటితో చీల్చి ముక్కలుగా బయటికి తీసింది. కొత్తది తొడిగింది. చాచా పైనుంచి పొడుగు స్క్రూడ్రైవర్ దించితే, దాని మొనను వేళ్లతో పట్టి పైపును బిగించే క్లిప్పు మర మీద నిలబెట్టి "తిప్పు" అనేది. అది జారినప్పుడల్లా ఆమె వేళ్లనే గీరింది. కృష్ణ కూడా పెరుగుతోందట అని వీధిలో ఎవరో అరుచుకుంటూ పోయారు. చెయ్యి బయటికి తీసేసరికి నెత్తురూ మడ్డీ ఏకమై ఉన్నాయి.

నీళ్లు పోసి స్టార్టు చేశారు. చాచా కిందికి వంగి చూసి, "చుక్క పడ్తలేదు" అన్నాడు. నేను తిరిగి చూస్తే అత్త లేదు. అప్పుడే వెనకింట్లోకి పోయింది.

నా పెనిమిటి మాత్రం బండి కదిలించలేదు. "అమ్మను ఎదురు రమ్మను" అన్నాడు.

ఉన్నమాట చెప్తాను, ఈ పొద్దే దొరికిందా ఈయనకు అనిపించింది. అత్త తలుపు పట్టుకుని, "వద్దు కొడుకా, నీకు దండం పెడ్త" అంది. "నువ్వు రాకుంటే నేను పోను" అన్నాడు ఆ మొండిఘటం. ఇంజను ఊరికే తిరుగుతోంది. అక్కడ నీళ్లు ఎంతదాకా ఎక్కాయో తెలియదు. ఆఖరికి అత్త దెబ్బల చెయ్యి కొంగులో చుట్టుకుని, గేటు బయటికి పోయి, తల వంచుకుని బండికి ఎదురు నడిచి వచ్చింది.

బండి పోయింది. అత్త గేటు దగ్గరే నిలబడిపోయింది. పక్కింటామె చూసి, "అయ్యో, గీమెను ఎదురు రప్పిచ్చిండా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నీ పని నువ్వు చూస్కో పో" అని గట్టిగా తగులుకున్నాను. అన్నం తెస్తే అత్త ముట్టలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. అలంపూర్ మునిగిందన్నారు, కర్నూలూ మునిగిందన్నారు. నా పెనిమిటి ఫోనూ మోగలేదు. అలాగే తెల్లవారింది.

పొద్దెక్కాక హారన్ వినిపించింది. బురదలో జీపు రంగే తెలియడం లేదు. ఆడబిడ్డా పిల్లలూ కట్టుబట్టలతో దిగారు. నా పెనిమిటి నవ్వుతూ, "చూస్తివా అమ్మా, చుక్క నీళ్లు కారలే. ఇగ ఎప్పుడు పోయినా నువ్వే ఎదురు రావాలె" అన్నాడు.

అత్త కూతుర్ని దాటుకుని పోయి కొడుకు చెంప ఛెళ్లుమనిపించింది.

"ఇంకొకపారి నన్ను పిలువకు. మీరు రాకుంటే జనమేమందురో పోనీ, నాకు నేనేం చెప్పుకుందుర? నిలబడ్డ కాడనే సచ్చి బతికిన" అంది.

ఆ తర్వాతే కూతుర్ని దగ్గరికి తీసుకుంది.