గిన్నెలో కుదిరిన ఎముక

ఈ కబురు మొదట చెప్పింది మా పాపకు నీళ్లు పోసే అవ్వ. గిద్దలూరులో మా వీధి పిల్లలంతా ఆమె చాచిన కాళ్ల మీద పడుకుని స్నానం చేసినవాళ్లే. పాపకు అప్పుడు రెండో నెల. ఒకరోజు నూనె పెడుతూ అవ్వ చేతులు ఆగిపోయాయి.

"ఏమ్మే, ఇట్ల రా. కుడికాలు పక్కకు తీస్తే నేలదాకా పోతాంది. ఎడమది సగంలోనే నిలబడతాంది జూడు."

"ఏడవడం లేదు గదవ్వా, ఏం గాదులే."

"ఏడిస్తే కడుపునొప్పి అనుకుందును. ఏడవకుండా అడ్డం పడతాందే! తొడమీద ఒక మడత గూడా ఎక్కువుంది. మార్కాపురం తీస్కపో. నా చేతులకు తెలిసేది ఇంతే."

ముందు కోపం వచ్చింది, ఆ తర్వాత భయం. కాళ్లు వంకర పోకూడదని రెండు మోకాళ్లూ కలిపి పాత చీరగుడ్డతో బిగించి చుట్టేది నేనే.

మార్కాపురంలో ఎముకల డాక్టరమ్మ స్కాన్ చూసి, ఒక అరచేతిని గిన్నెలా వంచి, రెండో చేతి పిడికిలి అందులో పెట్టింది.

"తొడ ఎముక తల తుంటి గిన్నెలో ఇట్ల కూర్చోవాలమ్మా. మీ పాపకు బయటికి జారింది. ఈ వయసులో గిన్నె మెత్తగా ఉంటుంది. తల లోపలుంటేనే అది లోతు పడుతుంది."

చుట్టే సంగతి చెప్పాను.

"దానివల్లే వచ్చిందని చెప్పలేను. కానీ ఇక చుట్టొద్దు. కాళ్లు కప్పలా ముడుచుకునేందుకు చోటు వదలండి."

"నడుస్తుందా మేడమ్?"

"తొందరగా తెచ్చినారు. నడుస్తుందనే నా నమ్మకం."

నేను బడికి పోలేదు. నాయన ఇంట్లోనే బైబిలు వాక్యం చదివిస్తూ నేర్పిందే నా చదువు. దేవుడు బిడ్డను కడుపులో అల్లుతాడని నమ్మేదాన్ని. ఆ అల్లిక పుట్టాక కూడా సాగుతుందనీ, అందులో మన చేతులకూ కొంత పని పెట్టాడనీ ఆరోజు తెలిసి, స్తోత్రం చెప్పుకున్నాను.

కాళ్లు కప్పలా ముడిచే ఉండి ఎముక గిన్నెలో నిలిచేలా, భుజాల నుంచి పాదాల దాకా పట్టీల బెల్టు వేశారు. మూడు నెలలు స్నానం లేదు, తడిగుడ్డతో తుడవడమే.

"ఏంది కోడలా, పిల్లకు గుర్రం జీను కట్టినావు?" అంది ఎదురింటి అత్త.

"రేపు పరిగెత్తేటప్పుడు నువ్వే పట్టుకోలేవులే అత్తా" అన్నాను.

చివరి స్కాన్‌కు పోయినరోజు ఆసుపత్రి బెంచీ మీద చంద్రశేఖరపురం వైపు నుంచి వచ్చిన ఒక తల్లి కూర్చుని ఉంది. ఆమె మూడేళ్ల పాప ఒకవైపుకు ఒరుగుతూ వరండాలో నడుస్తోంది.

"ముద్దు నడక అనుకున్యాం అక్కా. అందరూ నవ్వితే మేమూ నవ్వినాం."

ఆ పాపదీ తుంటి కీలే. ఆపరేషన్ చేసి, వారాల తరబడి పిండికట్టులో ఉంచాలట.

లోపల మా పాప బెల్టు తీసేశారు. గిన్నె లోతు పడింది, ఎముక కుదిరింది. బయటికి వచ్చి, ఆ తల్లికి కనబడకుండా పాప కాళ్ల మీద కొంగు కప్పాను. ఆమే లేచి నా బిడ్డ తొడ నిమిరింది.

"కుదిరిందా? దేవుడు మంచోడక్కా."

మా పాప ఇప్పుడు పాకుతోంది. ఆ చిన్నదానికి వచ్చే నెలలో ఆపరేషన్. పేరు అడగడం మరిచాను. ప్రార్థించేవారు ప్రార్థనలో, మిగిలినవారు మనసులో, ఒరుగుతూ నడిచే ఆ మూడేళ్ల పాపను ఒక్కసారి తలుచుకోండి.